పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి కోల్‌కతాలో రెండు రోజులు: ఏం చూడాలి, ఏం వదిలేయాలి?

గోరింటపొద

అందరికీ నమస్తే. మా పెద్దాడికి ఏడేళ్లు, పాపకి మూడు నిండాయి. పాప పుట్టాక నేనూ మావారూ ఇద్దరమే కలిసి ఊరు దాటింది లేదు. సినిమాకి వెళ్లినా సగంలో ఒకరు లేచి పాపని ఎత్తుకుని బయట తిరగాల్సిందే. మొన్న అమ్మే ఫోన్ చేసి, "పిల్లల్ని నా దగ్గర వదిలి మీరిద్దరూ ఎక్కడికైనా వెళ్లి రండే" అంది. ఆ మాటకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

రిసార్టులూ కొండలూ మాకు పడవు. పెళ్లైన కొత్తలో సాయంత్రమైతే ఏ పనీ లేకుండా వీధులన్నీ నడిచేవాళ్లం. మళ్లీ అలా తిరగాలని ఉంది. అందుకే కోల్‌కతా అనుకున్నాం. డిసెంబర్ రెండో వారంలో శుక్రవారం సాయంత్రం విశాఖలో రైలెక్కి, ఆదివారం రాత్రి హౌరాలో తిరుగు రైలు. సోమవారం సెలవు పెట్టాం.

మావారు రాసిన లిస్టు పేజీ నిండిపోయింది: దక్షిణేశ్వర్, బేలూరు మఠం, విక్టోరియా మెమోరియల్, ఇండియన్ మ్యూజియం, సైన్స్ సిటీ, బొటానికల్ గార్డెన్, ఇంకా చాలా. ఇవన్నీ అవుతాయా? ఇంకో సంగతి, పాప ఇంతవరకు నేను లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. అదే నా అసలు టెన్షన్.

హుగ్లీఒడ్డు

ఉద్యోగరీత్యా ఆ ఊళ్లో చాలా ఏళ్లున్నాను. ముందు ఆ లిస్టులో సగం పైనే కొట్టేయండి. దక్షిణేశ్వర్ ఉత్తరాన, బొటానికల్ గార్డెన్ నది అవతల శిబ్‌పూర్‌లో, సైన్స్ సిటీ తూర్పున. ఆ మూడింటి మధ్య తిరిగితే రోజంతా ట్యాక్సీలోనే గడిచిపోతుంది. మీరు వెళ్లేది ఇద్దరూ కలిసి నడవడానికి కదా. రోజుకి రెండు పేటలు చాలు, ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం. మధ్యలో గదికి వచ్చి నిద్రపోండి. చిన్నపిల్లల తల్లిదండ్రులకి మధ్యాహ్నం నిద్ర కూడా చూడదగ్గ చోటే.

చాలామందికి తట్టని విషయం ఒకటుంది. కోల్‌కతా మనకంటే తూర్పున ఉంది, గడియారం మాత్రం దేశమంతా ఒకటే. డిసెంబర్‌లో ఐదయ్యేసరికి చీకటి పడిపోతుంది. మన అలవాటు ప్రకారం పదింటికి బయలుదేరితే వెలుతురు సగం అయిపోయినట్టే. ఆరింటికి రోడ్డు మీద ఉండండి.

రెండో సంగతి, వారాలు. కాలేజ్ స్ట్రీట్ పుస్తకాల దుకాణాలు ఆదివారం దాదాపు అన్నీ మూసేస్తారు. కాబట్టి అది శనివారమే. బి.బి.డి. బాగ్ ఆఫీసుల పేట ఆదివారం ఖాళీగా ఉంటుంది. శనివారం వెళ్తే బస్సుల మధ్య భవనాలు తలెత్తి చూడలేరు, ఆదివారం రోడ్డు మధ్యలో నిలబడి చూడొచ్చు. విక్టోరియా గ్యాలరీలకీ ఇండియన్ మ్యూజియంకీ సోమవారం సెలవు, మీకు ఆ ఇబ్బంది లేదు.

రైలుప్రియుడు

హౌరాలో దిగగానే ట్యాక్సీ కోసం వెతక్కండి. స్టేషన్ కిందే మెట్రో ఉంది. 2024 మార్చిలో ప్రారంభమైంది, హుగ్లీ నది అడుగు నుంచి వెళ్లే లైను. నది కింద సొరంగం 520 మీటర్లు, ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. అవతలి ఒడ్డున మహాకరణ్, ఆ తర్వాత ఎస్ప్లనేడ్. అక్కడ పాత లైనుకి మారొచ్చు. మన దేశంలో మొట్టమొదటి మెట్రో అదే, 1984 అక్టోబర్‌లో ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా నడిచింది. ఒకే చోట దేశంలో అన్నిటికన్నా పాత మెట్రోని దిగి, నది కింది మెట్రో ఎక్కగలగడం నాకైతే ఎన్నిసార్లైనా సంబరమే.

నది మాత్రం పైనుంచి కూడా దాటండి. హౌరా స్టేషన్ ఎదురుగానే ఫెర్రీ ఘాట్. బాబూఘాట్ వైపు, ఫెయిర్లీ వైపు, ఉత్తరాన షోభాబజార్, బాగ్‌బజార్ వైపు లాంచీలు తిరుగుతాయి. టికెట్ చాలా చవక, రోజూ ఆఫీసులకి వెళ్లేవాళ్లు ఎక్కే పడవలే. నీటి మీంచి చూస్తేనే హౌరా వంతెన ఎంత పెద్దదో తెలుస్తుంది. 1943లో తెరిచారు. దాదాపు 26,500 టన్నుల ఉక్కు, అంతా రివెట్లతో బిగించిందే, నట్లూ బోల్టులూ లేవు. మధ్యలో నదిలో ఒక్క స్తంభం కూడా ఉండదు.

ట్రామ్ గురించి ఆశ పెట్టుకోకండి. 1873లో గుర్రాలతో మొదలైన ట్రామ్ ఇప్పుడు చాలా మార్గాల్లో ఆగిపోయింది. ఏది నడుస్తోందో ఆ రోజు ఎస్ప్లనేడ్ డిపోలో అడగండి. నడుస్తుంటే మాత్రం ఎక్కకుండా రావద్దు.

అమ్మమ్మకబుర్లు

అమ్మాయ్ గోరింటా, ఊరు సంగతి వాళ్లు చెప్తున్నారు, నేను పాప సంగతి చెప్తాను. నా దగ్గరా మనవలు ఇలాగే ఉండి వెళ్తుంటారు.

పాప నిద్రపోతున్నప్పుడు చెప్పకుండా మాత్రం వెళ్లకు. లేచి చూసి నువ్వు కనపడకపోతే ఆ తర్వాత నెల రోజులు నువ్వు బాత్రూమ్‌కి వెళ్లినా ఏడుస్తుంది. "నేనూ నాన్నా ఊరెళ్తున్నాం, మూడు రాత్రుళ్లు పడుకుని ఆ మర్నాడు అన్నం తిన్నాక వచ్చేస్తాం" అని ముందు నుంచే చెప్పు. మూడేళ్ల పిల్లకి తారీఖులు తెలియవు గానీ రాత్రుళ్లు తెలుస్తాయి. నువ్వు కట్టి విప్పిన మెత్తటి చీర ఒకటి ఉతక్కుండా మీ అమ్మకి ఇవ్వు. రాత్రి అది కప్పితే నీ వాసనకే పడుకుంటుంది.

వెళ్లేముందు వారం ఒక రాత్రి అమ్మ దగ్గర పడుకోబెట్టి చూడు. నువ్వు అదే ఊళ్లో ఉంటావు కాబట్టి మరీ ఏడిస్తే వెళ్లి తెచ్చుకోవచ్చు.

ఇంకోటి. మీ అమ్మ పెంపకం మీద నమ్మకం ఉంచు. బిస్కెట్ ఒకటి ఎక్కువ తిన్నా, టీవీ కాసేపు ఎక్కువ చూసినా ఫోన్‌లో పేచీ పెట్టకు. నిన్ను పెంచింది ఆవిడే కదా.

పిల్లలవార్డు

పిల్లల వార్డులో నర్సుగా చేస్తున్నాను. పై మాటలన్నీ సరైనవే. వాటికి తోడు ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించండి: పిల్లలిద్దరి బరువు, ఏ మందు పడదు, జ్వరం మందు ఎంత మోతాదో. జ్వరం సిరప్ మోతాదు బరువును బట్టి ఉంటుంది. ఒకే పేరుతో గాఢత వేరుగా ఉన్న సీసాలు దొరుకుతాయి, కాబట్టి మీ డాక్టర్ రాసిన సీసానే ఇంట్లో పెట్టి, కొలత గిన్నె మీద పెన్నుతో గీత గీసి ఇవ్వండి. కళ్లజోడు లేకుండా రాత్రిపూట సీసా మీది అక్షరాలు చదవడం పెద్దవాళ్లకి కష్టం.

మీ డాక్టర్ నంబర్, దగ్గర్లో రాత్రంతా తెరిచి ఉండే ఆసుపత్రి, ఆధార్, ఇన్సూరెన్స్ కార్డుల కాపీలు కూడా పెట్టండి. అత్యవసరమైతే పిల్లలకి వైద్యం చేయించే అనుమతి అమ్మమ్మకి ఇస్తున్నామని మీ ఇద్దరి సంతకాలతో ఒక ఉత్తరం ఉంటే మంచిది.

వీడియో కాల్ పడుకునే ముందు వద్దు. అప్పటిదాకా ఆడుకున్న పిల్లలు కూడా అమ్మ ముఖం చూడగానే బెంగపడతారు. పొద్దున టిఫిన్ అయ్యాక చేయండి.

ఉమ్మడికాపురం

నాకు మాత్రం ఇది మింగుడుపడటం లేదండీ. సైన్స్ సిటీ, మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ, ఇవన్నీ పిల్లలు చూడాల్సినవి. వాళ్లని ఇంట్లో వదిలి తల్లిదండ్రులు సరదాగా తిరిగితే ఆ పసివాళ్లకి ఏమనిపిస్తుంది? మా రోజుల్లో ఎక్కడికి వెళ్లినా అందరం కలిసే వెళ్లేవాళ్లం.

అమ్మమ్మకబుర్లు

అన్నయ్యగారూ, మన రోజుల్లో వేసవి సెలవులంతా పిల్లల్ని అమ్మమ్మ ఇంట్లో దింపి వచ్చేవాళ్లం కదా. అది రెండు నెలలు, ఇది మూడు రాత్రుళ్లు. ఆ రెండు నెలలు ఇంట్లో మిగిలింది ఆలుమగలే. వాళ్లకి వేరే ఊరు వెళ్లాల్సిన అవసరం ఉండేది కాదు. ఇప్పటి పిల్లలకి ఆ సెలవులూ లేవు, వీళ్లకి ఆ ఖాళీ ఇల్లూ లేదు.

మాఇద్దరికథ

మగవాళ్ల వైపు నుంచి నేను చెప్తాను. కిందటేడు మేమిద్దరం ఇలాగే వేరే పెద్ద ఊరికి వెళ్లాం. రైలెక్కగానే ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఏం మాట్లాడాలో తెలియలేదు. ఏళ్ల తరబడి మా మాటలన్నీ ఫీజులూ టీకాలూ గ్యాస్ బుకింగే. పిల్లల ఊసెత్తకూడదని రూలు పెట్టుకోమని చాలామంది చెప్తారు. అది పెట్టుకోకండి. మొదటి పూటంతా పిల్లల గురించే మాట్లాడుకున్నాం, కానీ ఇంట్లో లాగా కాదు. వాడెంత ఎదిగాడు, ఎవరి పోలిక, ఎలా పెంచాలనుకున్నాం, అలాంటివి. అక్కణ్ణుంచి మెల్లగా మా మాటలు మాకు దొరికాయి.

ఉమ్మడికాపురం గారూ, మీ బాధ అర్థమైంది. అయితే మేము తిరిగొచ్చాక ఇంట్లో గొంతులు తగ్గాయి. అది మా వాడికీ లాభమే.

గోరింటపొద గారూ, ఒకటి అడుగుతాను. మీవారికి లిస్టు ముఖ్యమా, మీకు నడక ముఖ్యమా? వెళ్లకముందే చెరొకటి ఎంచుకోండి. "ఈ రెండు రోజుల్లో ఇది లేకపోతే వచ్చినట్టే ఉండదు" అనిపించేది ఒక్కటి. ఆ రెండూ ఖాయం, మిగతావి వీలుంటేనే.

పుస్తకాలసంచి

శనివారం కాలేజ్ స్ట్రీట్ అన్నారు కాబట్టి దాన్ని జొరాసాంకోతో కలపండి. రెండింటికీ మధ్య నడిచి వెళ్లేంత దూరమే. జొరాసాంకో ఠాకూర్‌బాడీలో రవీంద్రనాథ్ ఠాగూర్ 1861లో పుట్టారు, 1941లో అదే ఇంట్లో కన్నుమూశారు. ఎర్ర గోడలు, ఆకుపచ్చ కిటికీ రెక్కలు, పొడవాటి వరండాలు. ఆయన చివరి రోజులు గడిపిన గదిలోకి వెళ్లగానే నా నడక దానంతటదే నెమ్మదించింది.

దగ్గర్లోనే మార్బుల్ ప్యాలెస్ ఉంది, 1835లో రాజా రాజేంద్ర మల్లిక్ కట్టించింది. ఇప్పటికీ ఆ కుటుంబం ఉంటోంది. ముందుగా పర్యాటక శాఖ ఆఫీసులో అనుమతి కాగితం తీసుకోవాలి, ఫోటోలు తీయనివ్వరు, సోమ, గురువారాలు సెలవు. రెండు రోజుల ప్రయాణానికి అది కాస్త శ్రమే.

కాలేజ్ స్ట్రీట్‌లో ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలే. తెలుగు పుస్తకం దొరకదు గానీ, బెంగాలీ నుంచి ఇంగ్లీషులోకి వచ్చినవి, పాత పత్రికలు, బొమ్మల పుస్తకాలు కావలసినన్ని. కాఫీ హౌస్ మేడ మీద కుర్చీ దొరికేదాకా నిలబడాలి, తలపాగాల సర్వర్లు వచ్చి అడిగేదాకా ఓపిక పట్టాలి. అక్కడ ఎవరూ మిమ్మల్ని లెమ్మని తొందరపెట్టరు. ఇద్దరికీ అంతకన్నా మంచి చోటు ఆ ఊళ్లో నాకు తెలియదు.

సాయంత్రం రవీంద్ర సదన్ పక్కనున్న అకాడమీ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో నాటకాలు ఆడతారు. భాష రాకపోయినా వెళ్లండి.

ఉప్పుకారం

డిసెంబర్‌లో వెళ్తూ కొత్త ఖర్జూర బెల్లం మాట ఎవరూ ఎత్తలేదేంటి! చలికాలం ఈతచెట్ల రసం కాచి తీసే బెల్లాన్ని అక్కడ నలేన్ గుడ్ అంటారు. దానితో చేసిన సందేశ్, రసగుల్లా ఆ నెలల్లోనే అసలు రుచి. పొద్దున కచోరీ, బంగాళాదుంప కూర. మధ్యాహ్నం బిర్యానీలో బంగాళాదుంప వస్తుంది, చూసి వింతపడకండి, తిన్నాక మాంసం కంటే అదే ముందు అయిపోతుంది. శాకాహారులైతే లూచీ (మైదా పూరీ), చోలార్ దాల్ (శనగపప్పు).

ఒకే ప్లేటు తెప్పించుకుని పంచుకోండి. అలా అయితే నాలుగు చోట్ల తినొచ్చు. ఆదివారం తెల్లవారుజామున టిరెట్టా బజార్‌లో చైనా కుటుంబాలవాళ్లు వేడి వేడి మోమోలు, బన్నులు అమ్ముతారు. ఎనిమిది దాటితే దాదాపు ఏమీ మిగలదు.

గోరింటపొద

అందరికీ చాలా థాంక్స్. మాఇద్దరికథ గారు అడిగిన ప్రశ్న రాత్రి మావారిని అడిగాను. ఆయన "హౌరా వంతెన మీద నడవాలి" అన్నారు, నేను "కాఫీ హౌస్" అన్నాను. లిస్టు కాగితం ఆయనే చించేశారు.

గది పార్క్ స్ట్రీట్ దగ్గర తీసుకుంటే బాగుంటుందా, హౌరా దగ్గరా? ఆయనకి చరిత్రంటే పిచ్చి, సౌత్ పార్క్ స్ట్రీట్ సమాధుల తోట చూడాలంటున్నారు. ఇలాంటి ట్రిప్‌లో శ్మశానమా అని నాకు కొంచెం అనిపిస్తోంది.

హుగ్లీఒడ్డు

గది పార్క్ స్ట్రీట్ వైపే. మెట్రో దగ్గర, రాత్రి పదింటికి కూడా వీధిలో జనం ఉంటారు. మీ ఇద్దరి ఆధార్ కార్డులు వెంట ఉంచుకోండి, ఎక్కడైనా ఇద్దరివీ అడుగుతారు. రైలు దిగేది పొద్దున కాబట్టి గది ఎప్పుడిస్తారో ముందే కనుక్కోండి.

సమాధుల తోటకి తప్పకుండా వెళ్లండి. 1767లో తెరిచారు. పెద్ద పెద్ద చెట్ల కింద పిరమిడ్ల లాంటి సమాధులు, పచ్చటి నాచు, పక్షుల అరుపులు. ఆసియాటిక్ సొసైటీ పెట్టిన విలియం జోన్స్ సమాధి అక్కడే, అందరికంటే ఎత్తుగా. పేర్ల కింద వయసులు చదివితే ఇరవైల్లోనే పోయినవాళ్లు, పురిటిలో పోయిన తల్లులు కనిపిస్తారు. మనసు బరువెక్కుతుంది, నిజమే. కానీ పక్కనే చేయి పట్టుకోవడానికి మనిషి ఉన్నప్పుడు చూడాల్సిన చోటు అది.

చరిత్రంటే ఇష్టమన్నారు కాబట్టి ఆదివారం బి.బి.డి. బాగ్ నడకలో సెయింట్ జాన్స్ చర్చిని కలపండి. ఆవరణలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి ఉంది. ఆ సమాధి రాయిని పరిశీలించి భూగర్భ శాస్త్రవేత్త హాలండ్ ఆ రకం శిలకి చార్నోకైట్ అని పేరు పెట్టాడు. మీ విశాఖ చుట్టూ తూర్పు కనుమల్లో విరివిగా ఉండే రాయి అదే. మీవారికి చెప్పండి, సంతోషిస్తారు.

గోరింటపొద

వెళ్లొచ్చాం! తీరిగ్గా రాస్తున్నాను.

ముందు పాప. అమ్మమ్మకబుర్లు గారూ, మొదటి రాత్రి పావుగంట ఏడ్చి చీర పట్టుకుని పడుకుందట. రెండో రాత్రి నుంచి అదీ లేదు. పెద్దాడు మాత్రం ఆదివారం ఫోన్‌లో "మీరు ఇంకో రోజు ఉండండి, అమ్మమ్మ రోజూ పూరీలు చేస్తోంది" అన్నాడు. నర్సు గారి కాగితం ఫ్రిజ్ మీద ఇంకా అలాగే ఉంది, అమ్మ తీయనివ్వడం లేదు.

శనివారం పొద్దున గది మధ్యాహ్నం దాకా ఇవ్వమన్నారు. సంచీ అక్కడే పెట్టి విక్టోరియా తోటకి వెళ్లిపోయాం. గ్యాలరీలు తెరవడానికి ఇంకా టైముంది. ఆ మంచులో తెల్లటి మక్రానా పాలరాయి నీటి గుంటలో కనపడుతుంటే బెంచీ మీద కూర్చుని టీ తాగాం. లోపలికి వెళ్లనే లేదు, వెళ్లాలనిపించలేదు. సమాధుల తోట చూశాం. మావారు ప్రతి రాయీ చదివారు, నేను చెట్టు కింద కూర్చుని ఆయన్ని చూశాను. ఏడేళ్లుగా ఆయన్ని అలా ఊరికే చూసే తీరిక నాకు దొరకలేదు.

మధ్యాహ్నం నిద్ర, తర్వాత కాలేజ్ స్ట్రీట్. కాఫీ హౌస్‌లో ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఆయన ఉద్యోగం మారాలనుకుంటున్నారట. ఆరు నెలలుగా మనసులోనే పెట్టుకున్నారు. ఇంట్లో ఎప్పుడు చెప్పబోయినా ఎవరో ఒకరు పాలు ఒలకబోసేవారు. అక్కడ మొత్తం చెప్పారు. జీతం తగ్గుతుంది, అయినా సరేనన్నాను. జొరాసాంకోకి టైము చాలలేదు, నాటకానికీ వెళ్లలేదు.

ఆదివారం ఆరింటికి మల్లిక్ ఘాట్ పూల బజారు. వంతెన కిందే. బంతిపూల దండలు తాళ్లలా చుట్టలు చుట్టి తలల మీద మోసుకెళ్తున్నారు, పక్కకి తప్పుకోకపోతే గుద్దేసి వెళ్లిపోతారు. కింద అంతా బురద, పాత చెప్పులే వేసుకోండి. అక్కణ్ణుంచి వంతెన మీద ఆ చివరి దాకా నడిచాం, తిరిగి లాంచీలో వచ్చాం. వంతెన మీద నడుస్తుంటే వాహనాలకి కాళ్ల కింద అదురుతుంది. ఆయన చిన్నపిల్లాడిలా రివెట్లు లెక్కపెట్టారు. రైలుప్రియుడు గారు చెప్పినట్టు దాని అసలు రూపం నీటి మీంచే తెలిసింది. తర్వాత చార్నాక్ రాయి చూశాం, బి.బి.డి. బాగ్‌లో నడిచాం, ఖర్జూర బెల్లం సందేశ్ డబ్బా ఇంటికి తెచ్చాం.

ఉమ్మడికాపురం

చదివానమ్మా. ఉద్యోగం సంగతి చెప్పుకోవడానికి అంత దూరం వెళ్లాల్సి వచ్చిందంటే మీ ఇళ్లలో తీరిక ఎంత కరువైందో అర్థమైంది. మా కోడలికి ఈ పేజీ చూపించాను. సంక్రాంతి అయ్యాక మనవడిని మా దగ్గర వదిలి వెళ్లమని చెప్పాను.

జాజిపందిరి

ఇప్పుడే ఈ చర్చ చూశాను. మా బాబుకి పదకొండు నెలలు, ఇంకా నా పాలు తాగుతున్నాడు. జులైలో మా పెళ్లిరోజుకి ఒక్క రాత్రి ఇలా వెళ్లొచ్చా? వానల్లో కోల్‌కతా ఎలా ఉంటుంది?

పిల్లలవార్డు

వెళ్లొచ్చండీ, బాబు కప్పుతో, చెంచాతో తినడం తాగడం అలవాటైతే. ఏడాదిలోపు పిల్లలకి ఆవుపాలు తల్లిపాలకి బదులుగా ఇవ్వకూడదు కాబట్టి పిండిన పాలు ఫ్రీజర్‌లో పెట్టి వెళ్లడం ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. అక్కడ ఉన్నన్నాళ్లూ మామూలుగా ఇచ్చే వేళల్లో పాలు పిండేయాలి, లేకపోతే గడ్డకట్టి నొప్పి, జ్వరం వస్తాయి. పంపు వెంట తీసుకెళ్లండి.

హుగ్లీఒడ్డు

జులైలో వాన కురిస్తే చాలా వీధుల్లో నీళ్లు నిలుస్తాయి. ఒక్క రాత్రికైతే పుస్తకాల వీధి, నడకలు తీసేయండి. ఇండియన్ మ్యూజియంలో భర్హుత్ బౌద్ధ స్తూపం శిల్పాల గది ఒక పూట, ఎండ కాస్తే మట్టి విగ్రహాలు చేసేవాళ్ల పేట కుమార్టులి ఒక పూట. దసరాకి దుర్గ విగ్రహాలు అప్పుడే గడ్డితో, వెదురుతో కట్టి మట్టి పూస్తుంటారు, వాటిని చూడ్డానికి ఆ నెలలే మంచివి. షోభాబజార్ మెట్రోలో దిగితే నడిచి వెళ్లొచ్చు. సందులు ఇరుకు, వాళ్ల పనికి అడ్డం రాకుండా ఒక పక్కగా నిలబడండి, ఫోటో తీసేముందు అడగండి.